ఫొటోలో తెల్ల మందారం

"శకుంతలమ్మగారూ, పాపం ఎండన పడి వచ్చారు. కానీ పెళ్లయిపోయాక పందిట్లోకి వచ్చినట్టుంది మీ రాక," అన్నాడు రవిచంద్ర, కుర్చీలోంచి లేవకుండానే.

శకుంతలమ్మ చెప్పులు గుమ్మం బయట విడిచి, కొంగుతో మెడ తుడుచుకుంది.

"పందిరి ఇంకా పీకలేదు గద సారూ. ఏ గుంజ ఏడ పాతిండ్రో చూసి పోత."

వీళ్లిద్దరికీ ఇది మొదటి తగువు కాదు. రవిచంద్ర ఒక బీమా కంపెనీ తరఫున దొంగతనాల నిజానిజాలు తేల్చే పరిశోధకుడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చంకలో ట్యాబ్. తెలివైనవాడే, కాకపోతే ఆ సంగతి ఎదుటివాడికి తెలియజెయ్యకపోతే అన్నం అరగని రకం. శకుంతలమ్మ పోలీసు శాఖలో ఏఎస్సైగా రిటైరై, యూసుఫ్‌గూడలో టైలరు షాపు మీది గదికి డిటెక్టివ్ బోర్డు తగిలించింది. ఆ బోర్డు చూసి నవ్వినవాళ్లు చాలామందే. ఆమెతో పని పడ్డాక కూడా నవ్వినవాళ్లు మాత్రం లేరు.

జూబ్లీహిల్స్‌లో ఆ ఇల్లు వీరరాఘవయ్యది. పేరున్న ఛాయాగ్రాహకుడు. తెర మీద వెన్నెల కురిపించాలంటే ఆయన్నే పిలవాలని ఒకప్పుడు నిర్మాతలు ఆయన తారీఖుల కోసం కాచుకు కూర్చునేవారు. సంపాదించిందంతా కెమెరాల మీదే పోశాడు. గేటు పక్కన కారు షెడ్డుని గదిగా మార్చి, వాటిని దేవుళ్లలా పెట్టుకున్నాడు. గురువారం రాత్రి ఆ గదిలోంచి టేకుచెక్క కెమెరా ఒకటి మాయమైందన్నారు. చేత్తో పిడి తిప్పితే రీలు నడిచే రకం, సినిమాకి ఇంకా మాటలు రాని కాలానిది.

శనివారానికల్లా దొంగ పేరు కూడా తేలిపోయింది. నవత. వీరరాఘవయ్య ఆఖరి శిష్యురాలు, శకుంతలమ్మ సందులోనే ఉండే పిల్ల. ఇప్పుడు ఆ హాల్లోనే గోడకి ఆనుకుని, మొహంలో నెత్తురు చుక్క లేకుండా నిలబడి ఉంది.

"రుజువేంది?" అంది శకుంతలమ్మ.

రవిచంద్ర బల్ల మీద ఒక ఫొటో జరిపాడు. నలుపు తెలుపు ఫొటో. మేడ మీంచి కిందికి తీసింది. చిక్కటి రాత్రి. గేటు దగ్గర నవత, రెండు చేతులా కెమెరా పెట్టె మోసుకుంటూ బయటికి పోతోంది. మొహం పక్కకి తిరిగి స్పష్టంగా తెలుస్తోంది.

"ఫోన్లో తీసిందైతే నేనే నమ్మేవాణ్ణి కాదు. ఇది ఫిల్ము. నెగటివ్‌ని ల్యాబ్‌లో చూపించాను. బొమ్మలో కోత లేదు, అతుకు లేదు, కంప్యూటర్ దాన్ని ముట్టుకోలేదు. మనుషులు అబద్ధం చెప్తారు గానీ నెగటివ్ చెప్పదండీ."

"ఎవరు తీసిండ్రు?"

"నేనేనండీ," అన్నాడు సోఫాలో కూర్చున్న శ్రీకృష్ణ. వీరరాఘవయ్య తమ్ముడి కొడుకు. ఇల్లూ కెమెరాలూ పెదనాన్న మందులూ అన్నీ అతని చేతిలోనే. "గురువారం పెదనాన్నకి కంటి శుక్లం ఆపరేషన్. షుగరుందని ఆ రాత్రి హాస్పిటల్లోనే ఉంచేశారు. బట్టల కోసం ఇంటికొచ్చాను. ఎనిమిదయ్యుంటుంది. పెదనాన్న కెమెరా ఒకటి పట్టుకుని బాల్కనీలో ఊరికే తిప్పి చూస్తుంటే, ఈ అమ్మాయి పోతూ కనిపించింది. నొక్కేశా."

"పిలువలేదా?"

"మన పిల్లే కదా అనుకున్నా. తెల్లారి చూస్తే బల్ల ఖాళీ."

"సాయంత్రం అయిదుకి నా రిపోర్టు వెళ్తుంది. దాని నకలు పోలీసులకి," అన్నాడు రవిచంద్ర. "మీరు మంచినీళ్లు తాగి వెళ్లండి."

నవత గోడ వదిలి ముందుకొచ్చింది.

"రేపు పొద్దుగాల ఫిల్మ్ నగర్ గుళ్లె నా సినిమా పూజ, పెద్దమ్మా. కెమెరా డిపార్ట్‌మెంట్ల లైట్లు మోసిన, లెన్సులు తుడిచిన, ఆడపిల్లవి నీకెందుకని నవ్విచ్చుకున్న. ఇన్నేళ్లకు నా పేరు మీద ఒక సినిమా వచ్చింది. రిపోర్టుల నా పేరుంటే ఇంకొకల్లని పిలుస్తనని అరవింద్ సార్ పొద్దుగాలనే ఫోన్ చేసిండు."

అరవింద్ ఆ సినిమా నిర్మాత. తొలి షాట్‌కి పసుపూ కుంకుమా పెట్టి ఆ చేతి కెమెరా పిడినే తిప్పిస్తానని గురువు శిష్యురాలికి మాటిచ్చాడు. పరిశ్రమలో అదొక సెంటిమెంటు. గురువు చెయ్యి పడ్డ యంత్రంతో మొదలైన సినిమాకి దిష్టి తగలదంటారు. ఆ మాట ఊరంతటికీ తెలుసు కాబట్టే, కెమెరా పోగానే, మోజు పడి తనదే చేసుకుందని అందరి వేళ్లూ నవత వైపే తిరిగాయి.

"నడువు బిడ్డా," అంది శకుంతలమ్మ. "ఆ గది చూపియ్యి."

*

గదిలో అడుగు పెట్టగానే శకుంతలమ్మకి తెలియకుండానే గొంతు తగ్గిపోయింది. గోడ పొడుగునా అరల్లో కెమెరాలు. ఇత్తడి కంకణాల లెన్సులు, తోలు మడతలు, నల్లటి ముసుగులు. ఒక్కటీ దుమ్ము పట్టి లేదు. నట్టనడుమ బల్ల మాత్రం ఖాళీగా ఉంది.

"ఫొటోల ఉన్నది నువ్వేనా?"

"నేనే."

"పెట్టె?"

"అదే పెట్టె. కానీ ఖాళీది పెద్దమ్మా. బిజాగిరి ఊడిందని బుధవారం మధ్యాహ్నం కృష్ణానగర్ల వడ్రంగి దగ్గరికి తీస్కపోయిన. కెమెరా తీసి ఇగో ఈ బల్ల మీదనే బట్ట కప్పి పెట్టిన. గురువారం పొద్దుగాల పెట్టె తెచ్చిస్తే, 'నేను సర్దుత, నువ్వు పో' అన్నడు శ్రీకృష్ణ సారు."

"అంటే నువ్వు తెచ్చినంక కెమెరాను కళ్ల చూడలె."

"లే."

"గురువారం రాత్రి ఏడున్నవ్?"

"రూంలనే. ఒక్కదాన్నే."

శకుంతలమ్మ పెదవి విరిచింది. ఒంటరితనానికి సాక్షులుండరు. పగలు మోసిన ఖాళీ పెట్టె రాత్రి ఫొటోలోకి ఎలా నడిచిపోయింది? అబద్ధం ఎక్కడో ఉంది. నెగటివ్‌లో లేదని ల్యాబ్ చెప్పింది. పిల్ల కళ్లలో లేదని తన ముప్పై ఏళ్ల నౌకరీ చెబుతోంది.

ఆమె అరల వెంట నడిచింది. చివర్లో ఒక నల్ల డబ్బా. దానికి లెన్సు లేదు, సూదిమొనంత రంధ్రం తప్ప.

"ఇదేంది, ఉప్పు డబ్బానా?"

ఇంత కష్టంలోనూ నవత నవ్వింది. "అన్ని కెమెరాలకు తల్లి అది. చీకటి పెట్టెకు సన్న చిల్లి పెడితే బయట లోకమంతా లోపలి గోడ మీద తలకిందులుగ పడ్తది."

"తెలుసు," అంది శకుంతలమ్మ, ఉలిక్కిపడి. "చిన్నప్పుడు మా ఇంట్ల తలుపేసుకొని పండుకుంటే, తలుపు చిల్లిలకెళ్లి ఎండ పడి గోడ మీద బర్రె కాళ్లు పైకి పెట్టి నడిచింది. దయ్యమని మా నాయనమ్మ చీపురుకట్టతోటి గోడను కొట్టింది."

"గా బర్రెనే పెద్దమ్మా! ఆ బొమ్మ మనుషులకు ఎప్పటినుంచో తెలుసు. పట్టి ఉంచుడే తెల్వలె. మొట్టమొదటి ఫొటోకి పొద్దంత ఎండ తాగియ్యాల్సొచ్చిందట. ఇగో, ఈ కర్ర కెమెరా కాలానికి కాసేపు చాలు. అయినా మనిషి కదిలితే బొమ్మ అలుక్కపోతది. అందుకే కుర్చీ వెనక ఇనుప కొక్కెం పెట్టి మెడను పట్టేటోళ్లు. పాత ఫొటోలల్ల తాతలు అంత బిగుసుకొని ఎందుకుంటరనుకున్నవ్? రోషం కాదు, కొక్కెం. తర్వాత ఫిల్ము చుట్ట వచ్చింది. సినిమా రీలు చూసి ఈ చిన్న కెమెరా పుట్టింది. పొద్దంత పట్టిన పని కంటిరెప్ప కొట్టేంతల అయిపోయింది."

మాట్లాడుతున్నంతసేపూ నవత వేళ్లు ఆ కెమెరాల మీద పసిబిడ్డ ఒళ్లు తడిమినట్టు కదిలాయి. ఇంత ప్రేమున్న చెయ్యి దొంగిలించదని కాదు. ప్రేమతో దొంగిలించినవాళ్లనీ శకుంతలమ్మ చూసింది. కానీ ఖాళీ బల్లను చూసినప్పుడల్లా ఆ పిల్ల చూపు దొంగ చూపులా తప్పుకోవడం లేదు. పోగొట్టుకున్నదాని చూపులా అక్కడే ఆగిపోతోంది.

గదికి పక్క సందులోకి ఇంకో తలుపుంది. "ఎప్పుడూ తియ్యం," అంది నవత. శకుంతలమ్మ వంగి చూసింది. నేల మీద తలుపు ఈడ్చిన గీత, తెల్లగా, కొత్తగా. బయట సందు సరిగ్గా కారు పట్టేంత ఉంది.

ఆమె ఏమీ అనకుండా గేటు దగ్గరికి నడిచి, ఫొటోని ఎదురుగా పట్టుకుంది. ఇదే గేటు. ఇదే పైపు. చిల్లు పడి ఇప్పటికీ నీళ్లు చిమ్ముతూనే ఉంది. ఇదే మందార చెట్టు. చెట్టు నిండా ఎర్రటి పువ్వులు.

ఫొటో మళ్లీ చూసింది. చెట్టు మళ్లీ చూసింది.

"నవతా, ఈ ఇంట్ల తెల్ల మందారం ఉన్నదా?"

"లేదు. గీ ఒక్క చెట్టే."

"మరి ఫొటోల పువ్వులు మల్లెపూల లెక్క తెల్లగ ఎట్లున్నయ్? నలుపు తెలుపుల ఎరుపు నల్లబడాలె గద. ఇంకోటి చెప్త విను. మందారం పొద్దుగూకితే ముడుచుకుంటది. రాత్రి ఎనిమిదికి గిట్ల పళ్లెంలెక్క విచ్చుకోని ఉండదు."

నవత ఫొటో లాక్కున్నంత పని చేసింది. ఆకులు కారునలుపు. పువ్వులు తెలుపు. నుదుట తాను రోజూ పెట్టుకునే ఎర్రబొట్టు ఫొటోలో కనిపించనే లేదు.

"ఎర్ర అద్దం," అంది గుసగుసగా. "లెన్సు ముందర ఎర్ర అద్దం పెట్టిండ్రు. ఎర్రవన్ని తెల్లగైతయ్, పచ్చవి నల్లగైతయ్. పట్టపగలు రాత్రి సీను తియ్యాలంటే పాతకాలంల ఇట్లనే తీసెటోళ్లు."

*

"బాటనీ క్లాసా?" అన్నాడు రవిచంద్ర. "తెల్ల పువ్వులని కోర్టులో బోనెక్కిస్తారా? గేటు లైటు తగిలి మెరిశాయంటా నేను. ఏం చేస్తారు?"

"ఏం చెయ్య. అడుగుత." శకుంతలమ్మ శ్రీకృష్ణ వైపు తిరిగింది. "సారూ, చీకట్ల ఫొటో ఎట్ల పడ్డది? నాకు తెల్వక అడుగుతున్న."

"పిట్టగోడ మీద కెమెరా ఆనించి ఒక సెకను పాటు షట్టర్ తెరిచి ఉంచానండీ. పెదనాన్న రాత్రిళ్లు అలాగే తీసేవారు."

"ఒక సెకను."

"ఆ, అంతే."

"మంచిది. పెద్దాయనను కలుస్త."

శ్రీకృష్ణ సోఫాలోంచి చటుక్కున లేచాడు. "కుదరదు. కంటికి ఆపరేషనయింది, బీపీ ఉంది. దొంగతనం సంగతే ఆయనకి చెప్పలేదు."

"పేషెంటుని ఇబ్బంది పెట్టడం అనవసరం," అన్నాడు రవిచంద్ర కూడా.

"సారూ, ఇల్లెవరిదో ఆయనకే చెప్పకుంట మంటలు ఆర్పుతున్నరా మీరు? రెండు రోజులసంది ఫొటో పట్టుకొని తిరుగుతున్నరు. ఫొటోలల్లనే పుట్టి పెరిగిన మనిషి పైనున్నడు. ఒక్కసారన్న చూపియ్యబుద్ధి కాలేదా?"

రవిచంద్ర మొహం ఎర్రబడింది. అంతలో మెట్ల పైనుంచి గొంతు వినబడింది, ముసలిదే గానీ సెట్టు మీద వందమందిని నిలబెట్టిన గొంతు.

"ఎవర్రా కింద? నన్ను చూడ్డానికి వచ్చినవాళ్లని నాకు చూపించకుండా దాస్తున్నావేం కృష్ణా?"

*

వీరరాఘవయ్య బాల్కనీ పక్క గదిలో, నల్లకళ్లజోడు పెట్టుకుని పడక్కుర్చీలో కూర్చున్నాడు. ఎనభై దాటిన మనిషి. తెల్ల పంచె, నిటారైన వెన్ను.

"రండమ్మా. నిన్న కట్టు విప్పారు. ఆకాశం ఇంత నీలంగా ఉంటుందని మర్చేపోయాను. పాత లెన్స్ పచ్చబడిపోయిందిట, పీకి కొత్తది బిగించారు. ఈ వయసులో నాకు లెన్స్ మార్చారంటే మా అసిస్టెంట్లు నవ్వుతారు."

శకుంతలమ్మ మెల్లిగా, దాపరికం లేకుండా సంగతి చెప్పింది. ఆయన కుర్చీలో ముందుకి వంగాడు. నవత వైపు చూశాడు. ఆ పిల్ల తల వంచుకుంది. అప్పుడు ఫొటో అడిగి, జోడు తీసి, కిటికీ వెలుగులో పెట్టుకున్నాడు.

చూసీ చూడగానే ముసలాయన మొహం విచ్చుకుంది. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు.

"కృష్ణా, నువ్వు తీశావా దీన్ని?"

"అవును పెదనాన్నా."

"ఎంతసేపు తెరిచావు?"

"ఒక సెకను."

"ఒక సెకను!" ఆయన పకపకా నవ్వాడు. "అమ్మా, ఇలా రండి. ఈ పైపులోంచి చిమ్మే నీళ్లు చూడండి. ఎలా ఉన్నాయి?"

"ఆవాలు చల్లినట్టు. చుక్క చుక్క విడివిడిగ."

"సెకను తెరిస్తే అవి చుక్కలుగా మిగులుతాయా? దూదిపింజలా అల్లుకుపోవూ? నడిచే పిల్ల పొగమంచులా చెదిరిపోదూ? ఈ చుక్క గాల్లో ఆగిందంటే షట్టర్ సెకనులో వందోవంతు కూడా తెరుచుకోలేదు. ఇంకోటి. బాల్కనీ పక్కనున్న ఈ కొమ్మ, దూరంగా గేటు, రెండూ కత్తిలా ఉన్నాయి. అలా ఉండాలంటే లెన్సు కన్ను బాగా చిన్నది చెయ్యాలి. కన్ను చిన్నది, సమయం కొంచెం. రెండువైపులా పిసినారితనమే. మరి ఫిల్ముకి వెలుగెక్కణ్ణుంచి వచ్చింది? గేటు దగ్గర గుడ్డి బల్బు నుంచా?"

శకుంతలమ్మ కళ్లు చిట్లించి కాసేపు ఆలోచించింది.

"అంటే అన్నం వండినట్టే గద సారూ. మంట ఎంత పెట్టినం, ఎంతసేపు పెట్టినం, బియ్యం కొత్తయా పాతయా. మంట సన్నంగ పెట్టి, పెట్టంగనే దించితే, అన్నం ఎట్లయితది?"

ముసలాయన చేతులు తట్టాడు. "అబ్బ! నా శిష్యులకి నల్లబోర్డు మీద లెక్కలేసి చంపాను. ఈ ముక్క ముందే తెలిస్తే బావుండేది. కన్ను మంట. షట్టర్ సమయం. ఫిల్ము బియ్యం. చురుకైన ఫిల్ము కొత్తబియ్యం, తొందరగా ఉడుకుతుంది. ఎక్కువైతే ముద్ద, తక్కువైతే పలుకు."

"మరి ఇది?"

"కావాలని పలుకు మీద దించిన అన్నం. కట్టెల పొయ్యి కాదు, సూర్యుడే పొయ్యి. దీన్ని మిట్టమధ్యాహ్నం తీశారు."

రవిచంద్ర ఎప్పుడు లేచాడో, ఫొటో మీదికి వంగి ఉన్నాడు. "నీడ," అన్నాడు తనలో తాను. "గేటు లైటైతే నీడ పొడుగ్గా పక్కకి పడాలి. ఇది పాదాల కిందే ఉంది. నేను... చూళ్లేదు." తలెత్తి అడిగాడు. "ఎవరు తీశారు సార్ దీన్ని?"

"నేనే."

నవత చటుక్కున తలెత్తింది.

"ఈ పిల్ల సినిమాలో పొలంలో రాత్రి సీనుంది. లైట్లు ఎక్కువ ఇవ్వనన్నాడట నిర్మాత. మా కాలంలో పగటితోనే రాత్రిని ఎలా చేసేవాళ్లమో చూపిద్దామని బుధవారం బాల్కనీలోకి వచ్చాను. ఆకాశం ఫ్రేములో పడకూడదు, పడితే గుట్టు రట్టు. అందుకే పైనుంచి కిందికి తియ్యాలి. అరచేతి మీద ఎండ చూసుకున్నా. ఎర్ర అద్దం కొంత వెలుగు తినేస్తుంది, ఇంకొంత నేను కోశాను. శుక్లం పట్టిన కంటికి ఈ పిల్ల ఒక మసక. ఫోకస్ దూరం చేతి అలవాటుతో పెట్టా. సాయంత్రం నేనే కడిగి, ఒక ప్రింటు వేసి ఆరబెట్టా. చీకటి గదిలో పనికి కన్నుతో పనేముంది? తెల్లారి హాస్పిటల్‌కి పోయాను."

శకుంతలమ్మ ఆ చేతుల వైపు చూసింది. కన్ను మసకబారాక కూడా పట్టపగటిని రాత్రి చేసిన చేతులు. ఆమె తన నౌకరీలో చాలామంది మొనగాళ్లని చూసింది. లేచి దండం పెట్టాలనిపించినవాళ్లు తక్కువ.

"పెదనాన్నా, మందుల మత్తు మీకు," అన్నాడు శ్రీకృష్ణ, గొంతులో తేనె పూసుకుని. "ఎప్పుడో తీసింది గుర్తొచ్చి ఇదే అనుకుంటున్నారు."

రవిచంద్ర కాసేపు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "సార్, మీరంటే గౌరవం. కానీ శిష్యురాలి మీద ప్రేమతో గురువు చెప్పిన మాట మాత్రమే ఇది. అవతలి లాయరు ఇదే అడుగుతాడు."

"అడగాలి," అన్నాడు వీరరాఘవయ్య, ఏ మాత్రం నొచ్చుకోకుండా. "మాట ఎందుకు బాబూ? ఇలాంటి షాట్ తీశాక, అదే చోట నిలబడి, ఎర్ర అద్దం తీసేసి, పూర్తి వెలుతురుతో ఇంకోటి తియ్యడం మా ఆనవాయితీ. అసలు పగలెలా ఉందో ల్యాబ్‌వాడికి తెలియాలిగా. ఈ రాత్రి పక్క ఫ్రేములో పగలుంటుంది. చీకటి గదిలో తీగకి వేలాడుతుంటుంది, చూడండి."

శకుంతలమ్మ పక్క గదిలోకి వెళ్లింది. ఫిల్ము కడిగే మందుల వాసన. తీగకి క్లిప్పుతో ఫిల్ము ముక్క వేలాడుతోంది. ఒక్క గడి మాత్రం కత్తెరతో కత్తిరించి ఉంది. ప్రింటుకి సరిపోయిన గడిని కోసుకుని మిగతాది అలాగే వదిలేశాడు శ్రీకృష్ణ. నలుపు తెలుపై, తెలుపు నలుపై ఉన్న నెగటివ్ అతనికి మసిబట్ట. కెమెరాల ఇంట్లో పెరిగి కూడా దాన్ని చదవడం నేర్చుకోలేదు. వాటి ధర ఒక్కటే నేర్చుకున్నాడు.

వీరరాఘవయ్య ఫిల్ముని కిటికీకి ఎత్తి పట్టాడు. పుస్తకం చదివినట్టు చదువుతున్నాడు.

"ఇదిగో గేటు. ఇదిగో మా పిల్ల. ఎండ ఫెళ్లున ఉంది. మందారాలు ఇప్పుడు సరిగ్గా..." వేలు ఫ్రేము అంచున ఆగిపోయింది. "ఇదేంటి?"

"ఏంది సారూ?"

"షెడ్డు పక్క తలుపు తెరిచుంది. మొదటి ఫ్రేముకీ దీనికీ మధ్య తెరుచుకుంది. ఒక మనిషి బయటికొస్తున్నాడు. గుండెకి హత్తుకుని... నా కెమెరా." ముసలాయన ఫిల్ముని కంటికి ఇంకా దగ్గరికి తెచ్చుకున్నాడు. "నా కళ్లముందే పోయిందమ్మా. నా కంటికి పొరుంది. లెన్సుకి లేదు."

"పెదనాన్న పైన పండుకున్నడనుకున్నరు," అంది శకుంతలమ్మ, శ్రీకృష్ణను చూస్తూ. "పిల్ల వీపు తిరగంగనే తలుపు తీసిండ్రు. నేల మీద గీత అప్పటిదే. సారూ, మనిషెవరు?"

"తెలీదు. గడ్డం ఉంది."

రవిచంద్ర ట్యాబ్ తీశాడు. ఫిల్ముని ముసలాయన చేతిలోనే ఉంచి ఫొటో తీసి, రంగులు తిరగేశాడు. నలుపు తెలుపైంది, తెలుపు నలుపైంది. వేళ్లతో పెద్దది చేసి అందరి వైపూ తిప్పాడు. అందులో గిరజాల జుట్టు, కత్తిరించిన గడ్డం, ఎండకి చిట్లించిన కళ్లు ఉన్నాయి.

నవత చేత్తో నోరు మూసుకుంది.

"అరవింద్ సారు."

"మీ నిర్మాతా?" రవిచంద్ర గొంతు తగ్గింది. "నిన్న నాతో ఈ ఇంటి గడపే తొక్కలేదన్నాడు. శ్రీకృష్ణ అంటే ఎవరని నన్నే అడిగాడు."

"రెండేళ్ల కింద ఒకతను వచ్చి ఆ కెమెరా అమ్మమన్నాడు," అన్నాడు వీరరాఘవయ్య మెల్లగా. "కళ్లు సరిగా కనపళ్లేదు, గొంతు గుర్తుంది. పొమ్మన్నాను."

శకుంతలమ్మకి మిగతాది తనంతట తానే కుదురుకుంది. చెప్పాలంటేనే నోరు రావడం లేదు. కానీ చెప్పకపోతే పిల్ల రేపు గుడికి పోతుంది.

"బిడ్డా, నీకు సినిమా ఇచ్చింది నీ పని చూసి కాదేమో. కెమెరా పోతే ఎవరి మీదికి పోవాలెనో ముందుగాల చూసుకొని, తర్వాత సినిమా ఇచ్చిండు. తొలి షాట్ ముచ్చట ఊరంత చెప్పింది కూడ ఆయననే గద?"

ఇన్నేళ్ల ఆశ ఆ పిల్ల మొహంలోంచి ఎలా దిగిపోయిందో అక్కడున్న అందరూ చూశారు. శ్రీకృష్ణ తలుపు వైపు ఒక అడుగు వేశాడు. రవిచంద్ర కుర్చీ లాక్కుని సరిగ్గా ఆ తలుపుకి అడ్డంగా కూర్చున్నాడు.

"కంగారేముంది? కూర్చోండి శ్రీకృష్ణగారూ. అయిదింటికి ఇంకా చాలా టైముంది."

నవత చేతిలో ఫోన్ మోగింది. తెర మీద పేరు చూసి, అందరికీ కనబడేలా పట్టుకుంది. అరవింద్.

"నీ ఇష్టం బిడ్డా," అంది శకుంతలమ్మ. "ఎత్తకపోతే రేపటి సినిమా రేపటిదాకా ఉంటది. ఎత్తినవంటే ఏం మాట్లాడాల్నో చెప్త."

"నాకు తెలుసు పెద్దమ్మా."

చేతిలో కెమెరాతో మసక వెలుగులో షాట్ తీసేటప్పుడు కెమెరావాళ్లు ఊపిరి బిగబడతారు, బొమ్మ అదరకుండా. నవత అలాగే ఊపిరి బిగబట్టి స్పీకర్ నొక్కింది.

"ఏమైంది నవతా, రిపోర్టు?" గొంతు మంచి గంధంలా ఉంది. "నాకు బాధగానే ఉందమ్మా. కానీ పూజ ఆపలేను కదా."

"రిపోర్టు అవసరం లేదు సార్. కెమెరా దొరికింది."

వీరరాఘవయ్య కళ్లు మూసుకుని, ఆ గొంతు కోసం చెవి అటు వంచాడు.

"దొరకడమేంటి?" గొంతులో గంధం పోయింది. "ఎక్కడ దొరుకుతుంది? శ్రీకృష్ణ ఉన్నాడా అక్కడ? ఫోన్ వాడికివ్వు."

వీరరాఘవయ్య అదే గొంతన్నట్టు తలూపాడు. రవిచంద్ర ట్యాబ్‌లో రిపోర్టు తెరిచి, పై నుంచి కింది దాకా చెరిపెయ్యడం మొదలుపెట్టాడు.

నవత రెండడుగులు వేసి ఫోన్‌ని శ్రీకృష్ణ మొహం ముందు పట్టుకుంది.

"తీస్కోండి సార్. మీకేనట."